రొప్పం గడప

తెల్లవారేసరికి మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగు పెడుతున్నాయి. వాన మబ్బులు కావవి, గాలి మబ్బులు. ఒక్క చినుకు కూడా రాల్చకుండా పెనుకొండ కొండ మీదుగా దాటిపోతున్నాయి. పదిరోజుల కిందటి వానకు మొలిచిన గడ్డి మాత్రం చేలగట్ల మీద లేతగా ఊగుతోంది.

గొర్రెల రొప్పంలో, కంప దడి లోపల, మూడో పిల్ల చచ్చి పడి ఉంది.

పెద్దక్క దానివైపు చూడటం లేదు. తన చేతిలోని గుడ్డ పీలికను చూస్తోంది. రొప్పం వెనక, కంప మీద ఆరేసి ఉంటే దొరికింది. పాత చీర పీలిక. ఉతికినా మరక పూర్తిగా పోలేదు.

"ఎవురిది ఇది?"

కోడలు హేమావతి రొప్పం గడప లోపల నిలబడి ఉంది. చేతిలో పాల సీసా. కాళ్ల దగ్గర తల్లిలేని గొర్రెపిల్ల బొల్లి, సీసా కోసం ఆమె చీర కుచ్చిళ్లను తలతో పొడుస్తోంది.

"నాదే అత్తా."

"బయటికి రా ముందు."

హేమావతి వచ్చింది. బొల్లి కంప తడక దాకా వచ్చి ఆగి అరిచింది.

"ఆగిపోయిందని తలకు పోసుకొని ఇంట్లోకొస్తివే. నలభై దినాలాయ. ఆగలేదా?"

"ఆగలేదు."

"మరి?"

"రోజూ కాదు. రెండు దినాలు ఉండదు. మళ్లా ఒగ చుక్క, రెండు చుక్కలు. లూపు ఏసినప్పటినుంచీ ఇంతే."

"చుక్కయినా ముట్టు ముట్టే గదా మే!"

"ఇరవై అయిదు దినాలు జగిలి మీదనే ఉంటి గదత్తా. ఆగేదే లేకపాయ. ఎన్నాళ్లని కూర్చునేది? బొల్లికి పాలెవరు పడతారు? ఇంగెవురి చేతిలోనూ తాగదది."

"అందుకని చెప్పకుండా రొప్పం తొక్కితివి."

హేమావతి పాల సీసాను చెంగు చాటుకు తీసుకుంది.

ముట్టుతో గొర్రెల్లోకి పోరాదని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. చెప్పులు విడిచి రొప్పంలోకి అడుగు పెట్టడం ఎట్లా తెలుసో, ఇదీ అట్లాగే తెలుసు. ఆ దినాల్లో ఆడమనిషికి ఇంటి ముందరి రాతి అరుగు, జగిలి, మీద తూర్పు మూల, విడిగా తినడానికి ఒక తట్ట, ఒక గ్లాసు, ఒక చాప. మూడు దినాలంటే మూడు దినాలు. నాలుగో పొద్దు తలకు పోసుకుంటే అయిపోయింది. మూడు దినాలు ముప్పై అయితే ఏం చేయాలో పెద్దలెవరూ చెప్పి పోలేదు.

మామ పోతులయ్య చచ్చిన పిల్ల పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. ఉబ్బి ఉంది. నిన్న సాయంత్రం దాకా ఎగిరి గంతులేసిన పిల్ల. పోయిన మూడూ అట్లాంటివే. బాగా పాలు తాగి, బాగా గడ్డి మేసి బలిసినవే పోతున్నాయి. బక్కవి బతికి ఉన్నాయి.

"ఏమయ్యో, చిటుక రోగం గాదు గదా?" అని అడిగింది పెద్దక్క. "సూదులు ఏయిస్తివి గదా ఈతూరి?"

"ఆఁ," అన్నాడు పోతులయ్య. తల ఎత్తలేదు.

"సూది పడినంక చిటుక రాదు. ఇంగేమొచ్చినట్టు? నువ్వే చెప్పు."

పోతులయ్య లేచాడు. పిల్లను భుజం మీద వేసుకుని, పార తీసుకుని వంక గట్టు వైపు నడిచాడు.

పెద్దక్క కోడలి వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాదు. అందుకే ఆ ఇంట్లో అందరికీ భయం.

"ఈ పొద్దే పోదాం. ఒగటి, హిందూపురం పోయి ఆ లూపు పీకించేస్తాం. లేదంటే ధర్మవరం పోయి గర్భసంచే తీసేయిస్తాం. నాకు తీసినట్ల. ఒగేసారికి పీడ పోతాది. ఏది కావాల్నో బస్సెక్కేలోపల చెప్పు."

బడి సంచీ తగిలించుకుని వాకిట్లో నిలబడ్డ పవిత్రకు తొమ్మిదేళ్లు. అందరి మాటలూ వింది.

"అవ్వా, లూపు పీకితే మా అమ్మ మళ్లా బోరుకాడ పడిపోతాది."

"నువ్వు బడికి పో."

"పడిపోతే నువ్వు మోస్తావా?"

"పోతావా లేదా!"

పవిత్ర పోయింది. వెనక్కి తిరిగి చూస్తూ పోయింది.

ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. రెండేళ్లుగా హేమావతికి నెలకు పది, పన్నెండు దినాలు రక్తం పోయేది. గడ్డలు గడ్డలుగా పోయేది. శివరాత్రి ముందు బోరు దగ్గర బిందెతో సహా కూలిపోయింది. భర్త మంజునాథ్ భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. హిందూపురంలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆ తర్వాత వేసిందే ఈ లూపు. మామూలు లూపు కాదు, లోపల మందున్న లూపు.

ఇప్పుడు మంజునాథ్ పెద్ద మందను తోలుకుని నల్లమాడ వైపు పోయి పదహారు దినాలు. ఇంటి దగ్గర ఈనిన గొర్రెలు, పిల్లలు, వీళ్లు.

*

పెనుకొండలో హిందూపురం బస్సు ఎక్కారు. నిలబడడానికే చోటు లేదు. కండక్టరు ఎవరినో లేపి ముసలామె అని పెద్దక్కకు సీటు చూపించాడు. పెద్దక్కకు యాభై రెండేళ్లే. అరవై అయిదు అనుకుంటారు అందరూ. ఆమె కూడా కాదనదు.

పక్కన ఇంకో సీటు ఖాళీ అయింది. హేమావతి కూర్చోకుండా నిలబడింది. పొద్దుటినుంచి అత్త ఆమెకు నాలుగు బారల దూరంలోనే మసులుతోంది. టికెట్టు డబ్బులు కూడా చేతికివ్వకుండా సీటు మీద పెట్టింది.

"కూచో."

"పరవాలేదత్తా."

"కూచో మే. బస్సుకు అంటు లేదు."

హేమావతి కూర్చుంది. తొడకు తొడ, మోచేతికి మోచేయి తగిలాయి. కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"నవ్వుతాండావా?"

"లేదత్తా."

"నవ్వు, నవ్వు. దేవుడు రొప్పం పెట్టినాడు, గవర్నమెంటోడు బస్సు పెట్టినాడు. ఎవురి చట్టం వాళ్లది."

కొంతదూరం పోయాక పెద్దక్క చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. బయట గాలి జోరుగా వీస్తోంది. పక్క సీటు వాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. పెద్దక్క మెడ మీద, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. మొహం కందిపోయింది.

హేమావతి అడగకుండానే కిటికీ అద్దం మొత్తం తోసింది. తాను కాపురానికి వచ్చిన పదకొండేళ్లుగా చూస్తున్నదే. చలికాలం తెల్లవారుజామున కూడా అత్త లేచి, బయటి బండ మీద వెల్లకిలా పడుకునేది.

"పోయిందా?" అని అడిగింది కాసేపటికి.

"పోతాది. వస్తాది, పోతాది. నాది అమ్మోరి కోపం. నీకేంటికిలే."

బస్సు సోమందేపల్లి దాటింది.

"ఏది కావాల్నో చెప్పినావు కాదు," అంది పెద్దక్క. "పీకించేదా, ధర్మవరమా?"

హేమావతి ఒళ్లోని చేతులు చూసుకుంది. గోళ్లు పోయినేడు సున్నంలాగ ఉండేవి. ఇప్పుడు కొంచెం ఎరుపు తిరిగాయి.

"ముందు మేడం చూడనీ అత్తా."

*

ఆసుపత్రిలో చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నారు. రక్తం తీసుకుని పోయారు. స్కానింగు అయింది. డాక్టరు పిలుపు కోసం చూస్తుండగా ఫోను మోగింది. మంజునాథ్.

హేమావతి గోడ వైపుకు జరిగింది.

"యాడుండావు?" అన్నాడు. వెనక గొర్రెల అరుపులు, గాలి.

"హిందూపురం. లూపు తీయించాలంటాంది మీ అమ్మ."

అటువైపు కొంతసేపు గొర్రెలే మాట్లాడాయి.

"తీయించుకోవద్దు హేమా."

"ఎందుకొద్దు?"

"ఆ పొద్దు బోరుకాడ నిన్ను ఎత్తుకుంటి గదా. బరువే లేవు నువ్వు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టుండె. రోడ్డు దాకా భయపడతానే ఉంటి, నువ్వు చేతిలో ఉండావో లేవో అని."

ఆమె ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"ఆ మాట మీ అమ్మకు చెప్పు. ఈడనే ఉండాది, ఇస్తాండా."

"అమ్మకా?" అన్నాడు మంజునాథ్. "అలో... అలో... హేమా, ఈడ సిగ్నల్ సరిగా లేదు..."

ఫోను ఆగిపోయింది. హేమావతి దాన్ని చూసి, చీర కొంగులో ముడేసుకుంది.

"ఏమన్నాడు నా కొడుకు?" అంది పెద్దక్క.

"సిగ్నల్ లేదంట."

"నా పేరు చెప్తే వానికి ఎప్పుడుంటాదిలే సిగ్నలు."

*

డాక్టరు శోభారాణి కాగితం చూసి, కళ్లద్దాలు పైకి తోసింది. "రక్తం ఎంతుందో తెలుసా ఈ రోజు? పదిన్నర. పడిపోయిన రోజు అయిదున్నర ఉండింది. లూపు వేసిన రోజు ఎనిమిది. ఎట్లుంది ఒంట్లో?"

"బాగుండాది మేడం. రొమ్ములు నొప్పి కొంచెం. మొహం మీద పొక్కులొచ్చినాయి, ఈ వయసులో. అప్పుడప్పుడు ఊరికే ఏడుపొస్తాది. పొత్తికడుపు గుంజేది తగ్గింది." ఆగింది. "కానీ మరకలు ఆగలేదు."

"రోజూనా?"

"రోజూ కాదు. చుక్కలే. కానీ ఎప్పుడొస్తాదో తెలీదు."

"స్కానింగులో లూపు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. దారం కూడా చూస్తాను. ఈ మందు లూపుకు మొదటి మూడు నెలలు ఇట్లాగే ఉంటుంది, కొందరికి ఆరు నెలలు. తర్వాత తగ్గిపోతుంది. చాలామందికి ముట్టు కొద్దిగానే వస్తుంది. కొందరికి రానే రాదు."

పెద్దక్క ముందుకు వంగింది. "రాకపోతే ఆ చెడురక్తం యాడికి పోతాది తల్లీ? తలకెక్కదా?"

"ఎక్కడికీ పోదమ్మా. లోపల పొర మందంగా పేరుకుంటేనే అది కరిగి బయటికొచ్చేది. ఈ మందు ఆ పొరను పెరగనీయదు. గడ్డి మొలవని చేలో కోసేదేముంది?"

పెద్దక్క ఆ మాటను కొంచెంసేపు నమిలింది. చేను ఆమెకు తెలిసిన విషయం.

"మా ఊర్లో ఒగామెకు లూపు గుండెకు ఎక్కిందంటారు."

"అక్కడినుంచి గుండెకు దారి లేదమ్మా." డాక్టరు నవ్వింది. "హిందూపురం నుంచి పెనుకొండకు బస్సుంది గాని, దానికి లేదు."

పెద్దక్క నవ్వలేదు. "అయితే ఒగ మాట చెప్పు తల్లీ. ఈ చుక్క ముట్టేనా, కాదా?"

డాక్టరు చేతిలో కలం ఆగింది. ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేరు.

"ఎందుకమ్మా?"

పెద్దక్క చెప్పింది. జగిలి, తట్ట, రొప్పం, మూడు పిల్లలు. అన్నీ చెప్పింది. హేమావతి నేల చూపులు చూస్తూ కూర్చుంది.

శోభారాణి కలం మూసి పక్కన పెట్టింది.

"తప్పు నాది కూడా ఉంది," అంది. "మూడు నెలలు మరకలు పడతాయి అని వేసేటప్పుడు చెప్పాను. మూడు నెలలు మరకలు పడితే మీ ఇంట్లో ఈ పిల్ల ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ తినాలో అడగలేదు. అడిగుండాల్సింది. ఇది ముట్టు కాదమ్మా. మందుకు ఒళ్లు అలవాటు పడేటప్పుడు కనిపించే మరక."

"నువ్వు కాదంటివి. దేవుడు ఒప్పుకోవాల గదా."

"దేవుడితో నేను మాట్లాడలేను. ఈమెతో మాట్లాడతాను." డాక్టరు హేమావతి వైపు తిరిగింది. "తీయడం రెండు నిమిషాల పని. ఇప్పుడు కావాలన్నా తీస్తా. రేపు ఇంకో బిడ్డ కావాలనుకున్నప్పుడు వచ్చినా తీస్తా. తీస్తే రక్తం పోవడం మళ్లీ మొదలవ్వచ్చు. నువ్వు చెప్పు. ఎవరి వైపూ చూడొద్దు."

గోడ మీద ఫ్యాను కీచుమంటోంది.

"తీయొద్దు మేడం."

అత్త ఎదురుగా హేమావతి ఏదైనా 'వద్దు' అనడం అదే మొదలు. అన్న తర్వాత ఆమెకే భయమేసింది. ఆపకుండా చెప్పేసింది.

"పోయినేడు బోరుకాడినుంచి బిందె తెచ్చుకునేలోపల మూడు తావుల కూర్చుంటాంటి. పవిత్ర చూసి నవ్వేది, ముసల్దానివైతివా అని. ఇప్పుడు యాడా కూర్చోకుండా వస్తాండా. ఇంగ మూడు నెలలు జగిలి మీదుండమంటే ఉంటా. తీయొద్దు."

"అయితే సంచే తీసేయండి," అంది పెద్దక్క. గొంతులో కోపం లేదు. మంచి మాటే చెబుతున్నానన్న నమ్మకముంది. "నాకు ధర్మవరంలో తీసిరి. ఆ పొద్దు నుంచి ముట్టు పీడే లేదు."

"నీకు ఎన్నేళ్లప్పుడు?"

"ఇరవయ్యారు. మంజు తప్ప ఇంగ బిడ్డ లేడప్పటికి."

"ఏం జబ్బు?"

"జబ్బేమి? గొర్రెలు ఈనే కాలం. రొప్పంలోకి పోయేదానికి మనిషి లేదు. నెలకు మూడు దినాలు నేను బయట కూర్చుంటే పిల్లలను ఎవరు చూస్తారని మా అత్త పిలుచుకోని పోయింది. తీసేస్తే నెలంతా గొర్రెల్లో ఉండొచ్చనె."

శోభారాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒళ్లంతా ఆవిర్లు వస్తాయా?"

పెద్దక్క ఉలిక్కిపడింది. "ఎవురు చెప్పిరి నీకు?"

"చెమటలు? నిద్ర పట్టకపోవడం?"

"ఆ."

"నడుము ఎప్పటినుంచి వంగింది?"

"ముప్పై అయిదేండ్లకే నొప్పి మొదలాయ."

"సంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటారమ్మా. ఒంటికి కావలసిన హార్మోను తయారయ్యేది అక్కడే. యాభై ఏళ్లప్పుడు రావలసినదంతా నీకు ఇరవయ్యారుకే వచ్చింది. ఆ మంట, ఆ నిద్రలేమి, ఆ నడుము, అన్నీ దానివల్లే అయ్యుండొచ్చు."

పెద్దక్క రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. చేతులకు ఏం పని చెప్పాలో తెలియనట్టు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"అమ్మోరి కోపమనుకుంటి," అంది. "ఏటా పొట్టేలు మొక్కు తీరుస్తాండా. ఎవురూ చెప్పలేదే."

"నీకోసం ఒకసారి రా అమ్మా. ఎముకలకు పరీక్ష ఉంది, మందులున్నాయి. ఆలస్యమైంది గాని, ఏమీ చేయలేనంత కాదు."

పెద్దక్క లేచింది. తలుపు దాకా పోయి ఆగింది.

"పద మే," అంది కోడలితో. "బస్సు పోతాది."

ధర్మవరం మాట మళ్లీ ఎత్తలేదు.

*

పెనుకొండలో దిగాక ఊరి ఆటో కోసం చూడకుండా పెద్దక్క ఇంకోవైపు నడిచింది.

"యాడికత్తా?"

"పశువుల ఆసుపత్రికి. మనిషికి తెలీకుండా ఇన్నేండ్లు ఉండొచ్చంటే, గొర్రె సంగతీ అడిగి పోదాం."

అక్కడ సూదులు వేసే ఉమాశంకర్ సైకిలు కడుగుతున్నాడు. పెద్దక్క చెప్పింది విని చేతులు తుడుచుకున్నాడు.

"పొట్ట ఉబ్బిందా? మెడ వెనక్కి వంచి కొట్టుకుందా?"

"ఆ."

"బలిసిన పిల్లలేనా?"

"అన్నీ బలిసినవే."

"చిటుక రోగమే పెద్దక్కా. లేతగడ్డి పొట్టనిండా మేసినాయి. తెలీదా నీకు?"

"సూదులు ఏయించినాం గదా అబ్బా."

ఉమాశంకర్ లోపలికి పోయి పెద్ద పుస్తకం తెచ్చాడు. వేలు పెట్టి కిందికి జరిపాడు. ఆగాడు.

"మీ ఊరికి వచ్చినప్పుడు పదకొండు మందలకు ఏసినాం. పోతులయ్య మందకు లేదు. 'మనిషి ఊర్లో లేడు' అని రాసుండాది. మళ్లా తోలుకొస్తా అని ఫోన్‌లో చెప్పినాడు. రాలేదు."

పెద్దక్క పుస్తకంలోకి తొంగి చూసింది. చదవడం రాదు. అయినా చూసింది.

"ఆ పొద్దు అమరాపురం పోయినాడు," అంది నెమ్మదిగా. "పెండ్లికి."

"రేపు పొద్దున్నే నేనే వస్తా. మిగిలినవాటికి ఏస్తా. అంతదాకా ఆ గడ్డి మీదికి ఇడవద్దండి."

రోడ్డు దిగి ఊరి దారి పట్టాక, పెద్దక్క అడుగులు గట్టిగా పడుతున్నాయి. హేమావతి రెండడుగుల వెనక నడిచింది. పొద్దున దూరం ఉంచమన్నది అత్త. ఇప్పుడు ఆ దూరాన్ని అత్తే మరిచిపోయి మాటిమాటికీ ఆగుతోంది, కోడలు పక్కకు వచ్చేదాకా.

"ఏయించినావా అంటే 'ఆఁ' అనె. నా మొహం చూడకుండా అనె. నేను నిన్ను ఎన్ని మాటలంటి! ఇంటికి పోతూనే అడుగుతా. వీధిలో నిలబెట్టి అడుగుతా."

"వద్దత్తా."

"ఎందుకొద్దు?"

హేమావతి రెండడుగులు వేసి అత్త పక్కకు వచ్చింది.

"నేనూ నలభై దినాలు దాచిపెడ్తి గదా. ప్రతి పొద్దూ లేస్తూనే ఈ పొద్దు చెప్పేస్తా అనుకుంటాంటి. నీ మొహం చూస్తానే నోరు రాదు. మామకు ఎట్లుంటాదో నాకు తెలుసు. ఆయన అంతట ఆయన్ని చెప్పనీ."

పెద్దక్క ఆగి కోడలి మొహంలోకి చూసింది. బుగ్గ మీది పొక్కులను చూసింది.

"పసుపు పెట్టుకుంటే పోతాయేమో అవి," అంది. మళ్లీ నడిచింది.

*

పొద్దు ఇంకా గూకలేదు. హేమావతి కాళ్లు కడుక్కుని, ఎవరూ చెప్పకముందే జగిలి మీద తూర్పు మూలకు పోయి కూర్చుంది. చాప అక్కడే ఉంది. తట్టా గ్లాసూ అక్కడే ఉన్నాయి. పవిత్ర వచ్చి ఒళ్లో తల పెట్టబోయి, అవ్వ వైపు చూసి ఆగింది.

"తీసేసినారా మా?"

"లేదు."

పిల్ల ఊపిరి వదిలింది.

రొప్పంలోంచి బొల్లి అరుస్తోంది. పొద్దుటినుంచి పాలు ముట్టలేదట. పవిత్ర సీసా పెడితే తల తిప్పుకుందట. ఆ అరుపు సన్నగా, తెగిపోయేట్టు వస్తోంది. హేమావతి ఒకసారి లేవబోయింది. మళ్లీ కూర్చుని చీర కొంగును గుప్పెట్లో పట్టుకుంది.

పెద్దక్క అది చూసింది. చెప్పులు విడిచి రొప్పంలోకి పోయింది. కాసేపటికి బయటికి వచ్చింది. చంకలో బొల్లి. తెచ్చి కోడలి ఒళ్లో దించింది. చేతులు తగిలాయి. పెద్దక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు రొప్పం తొక్కొద్దు," అంది. "అది ఇప్పటికీ నా వల్ల కాదు మే. నేను చచ్చిందాకా కాదేమో. కానీ గొర్రెపిల్ల గడప దాటి వచ్చేదానికి అడ్డేముంది? పొద్దున ఒగతూరి, మాపున ఒగతూరి నేనే తెస్తా."

బొల్లి సీసా అందుకుంది. తోక ఆడించింది. 

పెద్దక్క లోపలికి పోయి వేడి సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి తెచ్చింది. కోడలి తట్టలో పెట్టింది, పైనుంచి వదలకుండా తట్ట చేత్తో పట్టుకుని. పవిత్రకు పెట్టింది. తర్వాత తన తట్ట తెచ్చుకుని తూర్పు మూలకే వచ్చి, హేమావతి మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుంది. ఆపరేషన్ అయిన తర్వాత ఆమె ఆ మూలలో కూర్చోవడం అదే మొదలు. బండను ఒకసారి అరచేత్తో తడిమింది. ఇరవయ్యారేళ్ల వయసులో వదిలేసిన చోటు.

వీధిలో దగ్గు వినిపించింది. పోతులయ్య వంక నుంచి వచ్చాడు. పారకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. పొద్దున పూడ్చింది కాక, మధ్యాహ్నం ఇంకో పిల్ల పోయింది.

జగిలి ముందర నిలబడ్డాడు. కోడలి ఒళ్లో గొర్రెపిల్లను చూశాడు. ఆ మూలలో కూర్చున్న పెళ్లాన్ని చూశాడు.

"ఉమాశంకర్ రేపొద్దున వస్తాడంట," అంది పెద్దక్క, తట్టలోకి చూస్తూ. "సూదులు ఏసేదానికి."

పోతులయ్య చేతిలోని పార గోడకు ఆనించడానికి చాలాసేపు పట్టింది.

చేతులు కడుక్కున్నాడు. పెద్దక్క ఒక తట్టలో సంగటి పెట్టి, పక్కన ఖాళీ బండ మీద ఉంచింది. రమ్మనలేదు. వద్దనలేదు. అతను మెట్టెక్కి, కొంచెం ఆగి, కూర్చున్నాడు. నలుగురి తట్టలూ ఒకే వరసలోకి వచ్చాయి.

 సంగటి విరిచే చప్పుడు, పాలసీసా చప్పుడు. పైన మబ్బులు ఇంకా తూర్పుకు పోతున్నాయి. పవిత్ర ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది.

పోతులయ్య ముద్దను ఊరిబిండిలో అద్దాడు. కోడలి వైపు చూసి నోరు తెరిచాడు.

హేమావతి తినడం ఆపింది. పెద్దక్క ఆపింది.

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది. ముగ్గురూ అతని మాట కోసం కాచుకుని కూర్చున్నారు.